గెడ్డలో ఎవరి కంచంలో ఏముంది: ఒక ప్రాజెక్టు డైరీ

అక్టోబరు 12, ఆదివారం

విజయనగరంలో సిరిమానోత్సవం అయి అయిదు రోజులు. పిల్లలింకా ఆ ముచ్చట్లలోంచి బయటికి రాలేదు. నేను మాత్రం తెల్లారగానే వల భుజాన వేసుకుని గెడ్డకి, అంటే మా కొండవాగుకి, బయల్దేరాను.

నేను హైస్కూల్లో బయాలజీ మేష్టార్ని. ఆహారపు గొలుసు పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద అదే బొమ్మ: గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. ఇరవయ్యేళ్ళుగా ఆ మిడత అదే గడ్డి తింటోంది. ఈ ఏడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "మరి గెడ్డలో గడ్డి ఉండదు కదండీ, అక్కడ మొదట తినేదెవరండీ?" అంది. నాచు తినేవి ఉంటాయమ్మా అని తప్పించుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర పుణ్యగిరి వైపు నుంచి దిగే మా గెడ్డ పైభాగంలో చెట్ల నీడ ఎంత దట్టమంటే మిట్టమధ్యాహ్నం కూడా నీళ్ళ మీద ఎండ చిల్లుపైసలంత చుక్కలుగానే పడుతుంది. ఎండ లేని చోట నాచు ఎంత పెరుగుతుంది? అక్కడ పుష్కలంగా పడేది ఆకులు. తిండి అదే అయితే దాన్ని తినేదెవరు? ఈ డైరీ అందుకే.

రెండు చోట్లు ఎంచుకున్నాను. పై చోటు మద్ది, నేరేడు, కానుగ చెట్ల కింద. కింది చోటు అక్కడికి కిలోమీటరున్నర దిగువన, జీడితోటలు దాటి పొలాల పక్కన, నెత్తిన ఆకాశం తప్ప మరేమీ లేని చోట. మా వైపు గెడ్డల నీళ్ళు చాలావరకు చివరికి గోస్తని నదిలో కలిసేవే.

వలకి పాత దోమతెర, చట్రానికి ఇనప చువ్వ. వెల్డింగ్ షాపు అబ్బాయి దేనికండీ అన్నాడు. పురుగులు పట్టడానికి అన్నాను. డబ్బులు తీసుకోడానికి మొహమాటపడ్డాడు పాపం, నాకేదో అయిందనుకుని.

పద్ధతి సులువే. వల నోరు ప్రవాహానికి ఎదురుగా పెట్టి, దానికి మూరెడు ఎగువన రాళ్ళని కాలితో కెలకాలి. పట్టు తప్పిన పురుగులు కొట్టుకొచ్చి వలలో పడతాయి. తెల్ల ట్రేలో నీళ్ళు పోసి వల దులిపితే ముందు చెత్తే కనిపిస్తుంది. రెండు నిమిషాలు ఓపిక పడితే చెత్త కదులుతుంది. మూడు తోకల మేఫ్లై పిల్లలు, ఇసుక రేణువులతో గూడు కట్టుకున్న కాడిస్ పురుగులు, తూనీగ పిల్లలు, ఎర్రని దారం ముక్కల్లాంటి కైరోనమిడ్‌లు, అంటే కుట్టని దోమల పిల్లలు. రెక్కలొచ్చేదాకా ఇవన్నీ నీళ్ళలోనే పెరుగుతాయి.

అన్నీ ఒకే సీసాలో వేశాను. ఇవాళ నేను చేసిన తెలివితక్కువ పని అదే. బజార్లో కూరలు కొనుక్కుని ఇల్లు చేరి చూస్తే పద్దెనిమిది మేఫ్లైలలో ఆరే మిగిలాయి. తూనీగ పిల్ల కింది పెదవి మడతపెట్టిన చెయ్యి లాంటిది. ముఖం కింద ముసుగులా దాచుకుని, దొరికిందనుకోగానే చాచి, చివరి కొక్కేలతో పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. సీసాలో దానికి విందు పెట్టి తీసుకొచ్చాను. ఇప్పుడు దాని కడుపు కోసి "మేఫ్లైలు తింటుంది" అని రాసుకుంటే, అది గెడ్డ సంగతి అవదు, నా సీసా సంగతి అవుతుంది.

అక్టోబరు 19, ఆదివారం

రేపు దీపావళి. మా ఆవిడ మతాబుల పని చెప్పింది, నేను సర్జికల్ స్పిరిట్ కొనుక్కొచ్చాను.

ఈసారి పట్టింది పట్టినట్టు గట్టు మీదే స్పిరిట్‌లో వేశాను, వేటాడేవి వేరే సీసాలో. పురుగు కడుపు మన కడుపులా సంచి కాదు, వెచ్చటి నీళ్ళలో కొన్ని గంటల్లోనే ఖాళీ అయిపోతుంది. ఇంటికొచ్చేదాకా బతికుంటే తిన్నదంతా సీసా అడుగునే ఉంటుంది.

పుస్తకాల్లో ఉన్న విభజన పిల్లల కోసం నా మాటల్లో రాసుకున్నాను: ఆకులు చించేవి, రాతి మీది పొర గీకేవి, అడుగున సన్నటి మడ్డి ఏరుకునేవి, కొట్టుకొచ్చేదాన్ని వడకట్టేవి, వేటాడేవి. అమెరికా శాస్త్రవేత్త కెన్నెత్ కమిన్స్ 1973 నాటి నుంచీ ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టాడు. ఇందులో ఆకు ముక్క అంటే 1 మి.మీ. కంటే పెద్దది, మడ్డి అంటే అంతకంటే చిన్నది. పురుగు ఏ కుటుంబమో తెలిస్తే ఏ గుంపో పట్టిక చూసి చెప్పెయ్యొచ్చు. నాకు బాగా నచ్చింది. రెండు ఆదివారాల్లో ప్రాజెక్టు అయిపోతుందనుకున్నాను.

రాత్రి మొదటి కడుపు తీశాను. బడి డిసెక్షన్ మైక్రోస్కోపు, పెన్ను రీఫిల్‌లో గుచ్చిన సన్న సూదులు రెండు. మేఫ్లై పిల్ల తల పట్టుకుని మెల్లగా లాగితే పేగు దారంలా వెంట వస్తుంది. అందులో ముందు భాగమే తీసుకోవాలి, వెనకది అరిగిపోయి ఉంటుంది. గ్లిజరిన్ చుక్కలో విప్పి, కవర్ స్లిప్ వేసి, పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టాను.

గాజు పడవలు! డయాటమ్‌లు, అంటే ఒంటి కణపు నాచు. వాటి గుల్ల సిలికాతో అయినది కాబట్టి కడుపులో పడ్డా ఆకారం చెదరదు. పడవల మధ్య ఏ ఆకారమూ లేని గోధుమరంగు మడ్డి. ఆకు ముక్క అయితే ఇటుకలు పేర్చినట్టు కణాల గోడలు కనిపించాలి. ఎక్కడా లేవు.

అక్టోబరు 26, ఆదివారం

ఆకులకి నేరుగా పరీక్ష పెట్టాను. కానుగ ఆకులు, జీడి ఆకులు ఎండబెట్టి ఒక్కో సంచిలో 5 గ్రాములు. కానుగ మెత్తన, జీడాకు తోలు. సంచులు రెండు రకాలు. పిండి జల్లించే సన్న జల్లెడ గుడ్డతో కుట్టినవాటిలోకి సూక్ష్మజీవులు తప్ప పురుగులు దాదాపు దూరలేవు. ఉల్లిపాయల నెట్ సంచుల్లోకి పురుగులు హాయిగా వెళ్ళొస్తాయి. నెల తరవాత రెండింటి బరువులో తేడా ఎంతో, పురుగులు తిన్నది అంత. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, ప్రపంచమంతా వాగుల్లో చేసేదే.

తూకం దగ్గర చిక్కొచ్చింది. బడి లాబ్ తక్కెడ ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. కిరాణా కొట్టు కాటా గ్రాములు పట్టించుకోదు. చివరికి బంగారం పని చేసే ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తూకం మిల్లీగ్రాము దాకా చెబుతుంది. జీడాకులు పళ్ళెంలో పెడితే ఆయన కాసేపు ఆకుల్ని, కాసేపు నన్ను చూసి, "ఎంత కేరట్ మేష్టారూ?" అన్నారు.

సంచుల్ని నైలాన్ తాడుతో రాళ్ళకి కట్టి పై చోట ముంచుతుంటే మేకలు తోలుకొచ్చే తాత గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "ఏటి మేష్టారూ, గెడ్డలో ఉల్లిపాయలు నానబెడతన్నారేటి?"

నవంబరు 2, ఆదివారం

మొంథా తుపాను అక్టోబరు 28 రాత్రి దక్షిణాన ఎక్కడో తీరం దాటింది. గెడ్డ మాత్రం ఇక్కడ పొంగింది. పన్నెండు సంచుల్లో రెండు దొరికాయి, అవీ ఇసుకలో కూరుకుపోయి. తాళ్ళు తెగలేదు, కట్టిన రాళ్ళే దొర్లిపోయాయి.

పోయిన వారం పాచి పట్టి జారిన రాళ్ళు ఇప్పుడు తోమిన గిన్నెల్లా ఉన్నాయి. వలలో పడ్డవి పట్టుమని పది. ఆకుల గుట్టలు ఒక్కటి లేదు. చలి దేశాల వాగుల్లో శరత్కాలంలో ఆకులన్నీ ఒకేసారి రాలి, గుట్టలు పడి, నెలల తరబడి నిలవుంటాయి. దాన్ని నమ్ముకుని బతుకంతా అల్లుకున్న పురుగులున్నాయక్కడ. మన దగ్గర వాన ఎప్పుడొచ్చి వంటిల్లు ఊడ్చేస్తుందో తెలీదు. ఆకునే నమ్ముకుని ఇక్కడ కాపురం పెట్టడం కష్టమే అనిపించింది.

నవంబరు 9, ఆదివారం

సంచులు మళ్ళీ కుట్టాను. ఈసారి రాళ్ళకి కాకుండా మద్ది వేళ్ళకి కట్టాను. మొత్తం పన్నెండు, పైగా మర్నాడే తీసెయ్యడానికి రెండు. పోయినసారి మరిచిన సంగతి అది. ఎండాకు నీళ్ళలో పడితే ఎవరూ ముట్టకుండానే టీ డికాషన్‌లా సారం వదులుతుంది. కొన్ని ఆకులు ఒకటి రెండు రోజుల్లోనే పావు వంతు దాకా బరువు పోగొట్టుకుంటాయి. ఆ లెక్క పురుగుల ఖాతాలో రాయకూడదు. (మర్నాడు సాయంత్రం తీసి, ఎండబెట్టి తూచాను: కానుగ 5 గ్రాములకి 4.2, జీడి 4.6.)

కార్తీకమాసం కాబట్టి పైన గుడికి వెళ్ళేవాళ్ళు, కింద వనభోజనాల వాళ్ళు. కింది చోట విస్తరాకులు, షాంపూ పొట్లాలు. ఒకాయన నా ట్రేలోకి తొంగి చూసి, "ఈ నీళ్ళేనా మేం వంటకి పట్టుకెళ్ళింది?" అని మొహం అదోలా పెట్టాడు. ఈ మేఫ్లైలు ఉన్నాయంటే నీళ్ళు మరీ మురికివి కావండీ అన్నాను. నమ్మినట్టు లేదు.

చిన్న జలపాతం కింద తేలే తెల్లటి నురుగుని గరిటెతో తీసి సీసాలో నింపాను. రాత్రి మైక్రోస్కోపులో చూస్తే నాలుగు చేతులు చాచిన సిద్ధబీజాలు, అచ్చం పల్లేరుకాయల్లా. నీళ్ళలో కుళ్ళే ఆకుల మీద పెరిగే బూజువి. సి.టి. ఇంగోల్డ్ ఇంగ్లండులో వాగుల్లోని ఆల్డర్ చెట్ల ఆకుల మీద వీటిని గుర్తించి 1942లో రాశాడు. ఆ నాలుగు చేతుల వల్లే అవి నీళ్ళలో కొట్టుకుపోతూ ఏ ఆకుకో తట్టుకుని అతుక్కుంటాయి, నురుగులోనూ చిక్కుకుంటాయి.

ఆకు తినేవాటికి అసలు రుచి ఈ బూజే. చెట్టు రాలబోయే ఆకులోంచి పనికొచ్చేదాన్ని చాలావరకు ముందే వెనక్కి లాక్కుంటుంది. మిగిలింది పీచు. దాని మీద బూజు, బాక్టీరియా పెరిగితే మెత్తబడి, నత్రజని చేరి, తినడానికి వీలవుతుంది. రాత్రి మిగిలిన అన్నం తెల్లారేసరికి చద్దన్నం అయినట్టు. తరగతిలో ఇలా చెబితే కిసుక్కున నవ్వారు, గానీ పరీక్షలో మర్చిపోరు.

నవంబరు 23, ఆదివారం

జ్వరం. గెడ్డకి వెళ్ళలేదు. పిల్లలిద్దరు వెళ్ళి సంచులున్నాయో లేదో చూసొచ్చారు. ఉన్నాయట.

నవంబరు 30, ఆదివారం

వారం రోజులుగా రాత్రుళ్ళు కడుపులే కోస్తున్నాను. స్లయిడుకి పది చోట్లు చూసి, ఒక్కో చోట ఏది ఎంత భాగముందో కంటి అంచనాతో రాస్తున్నాను. నా పట్టిక ఇక్కడే మొదటిసారి నవ్వులపాలైంది.

రాళ్ళకి అంటుకుపోయి ఉండే బల్లపరుపు మేఫ్లై ఒకటుంది, హెప్టజీనిడే కుటుంబం. పట్టికలో గీకేది. కింది చోట పట్టినవాటి కడుపుల్లో డయాటమ్‌లు కిక్కిరిసి బంగారు రంగులో ఉన్నాయి. పై చోట పట్టినవీ అవే పురుగులు, అదే నోరు. కడుపు నిండా గోధుమ మడ్డి, అక్కడక్కడ ఒక డయాటమ్. రెండూ గీకుతూనే ఉన్నాయి. కానీ ఎండ తగలని రాతి మీద గీకితే దొరికేది వేరు.

ఇంకొకటి హైడ్రోసైకిడే కాడిస్. ఇది నాకు ఇష్టమైన పురుగు. రాళ్ళ సందులో చిన్న గది కట్టుకుని, గుమ్మం పక్కన ప్రవాహానికి ఎదురుగా పట్టు వల కడుతుంది. భూతద్దంలో చూస్తే గళ్ళు లెక్కపెట్టేంత సమంగా ఉంటాయి. పట్టికలో వడకట్టేది. కొట్టుకొచ్చే మడ్డి తింటుందని నేను పోయిన ఏడు దాకా పాఠం చెప్పాను. పదకొండు కడుపులు కోస్తే ఏడింటిలో మేఫ్లై కాళ్ళు, కైరోనమిడ్ తలల గుల్లలు! వల వేసేవాడికి చేప పడితే వదులుతాడా? మడ్డితోపాటు మాంసం పడితే ముందు మాంసమే. రాళ్ళకి వెనక భాగంతో అంటుకుని, తల మీది విసనకర్రలు చాచి వడకట్టే సిమ్యూలియం (నల్ల ఈగ) పిల్లల కడుపుల్లో మాత్రం అంతా సన్నటి మడ్డే. రెండింటికీ పట్టికలో ఒకటే గడి.

రాతి ఈగ పిల్లలు, అంటే స్టోన్‌ఫ్లై, పెద్దవి వేటగాళ్ళే. చిన్నవాటిలో మాత్రం మడ్డి. మన పిల్లలు పాలు మానకుండానే మటన్ తినరు కదా.

అప్పుడు కమిన్స్ చెప్పింది మళ్ళీ నెమ్మదిగా చదువుకున్నాను. ఆయన విభజించింది పురుగు తిండిని ఎలా సంపాదిస్తుందన్న దాన్ని బట్టి. ఏం తింటుందన్న దాన్ని బట్టి కాదు. నోటి తీరూ పని తీరూ ఒక లెక్క, కడుపులో పడింది ఇంకో లెక్క. తప్పు పట్టికది కాదు. రెండు లెక్కలూ ఒకటే అనుకుని ఇన్నేళ్ళు చెప్పింది నేను. పైగా ఆ పట్టికలు ఎక్కువగా చలి దేశాల వాగులు చూసి రాసినవి. అదే కుటుంబం పురుగు మన దగ్గర వేరే వంటకం తింటూ ఉండొచ్చు.

కడుపు కోసినా ఏమీ చెప్పనివీ ఉన్నాయి. చదునుగా, ఆకులా ఉండే నీటి నల్లి ఒకటి పట్టాను, మగది. వీపు మీద గుడ్లు వరసగా అంటించుకుని మోస్తోంది. ఆడది పెట్టి వెళ్ళిపోతే పొదిగేది తండ్రే. దాని కడుపులో రంగు నీళ్ళు తప్ప ఏమీ లేవు. ముక్కు గుచ్చి, లాలాజలం ఎక్కించి, లోపలిదంతా కరిగించి జుర్రుకుంటుంది. ఆధారం మిగల్చని దొంగ. వేలికి ఒక పోటు కూడా పొడిచింది, రెండు గంటలు సలిపింది.

ఇంత చేసీ, ఆకు ముక్కలతో కడుపు నిండిన పురుగు ఒక్క రకమే. రెండు ఆకు ముక్కల్ని శాండ్‌విచ్‌లా అతికించి మధ్యలో కాపురముండే కాడిస్. పై చోట, నిలవ నీటి మడుగులో. ఏడు వారాల్లో అలాంటివి రెండంటే రెండు దొరికాయి. ఆ రెండూ కలిసి ఇన్ని ఆకులు తింటున్నాయా?

డిసెంబరు 7, ఆదివారం

సంచులు తీసి, రెండు రోజులు ఎండబెట్టి, ఆచారి గారి దగ్గర తూచాం. సగటున: కానుగ సన్న గుడ్డలో 2.6 గ్రాములు మిగిలింది, ఉల్లి సంచిలో 2.4. జీడి సన్న గుడ్డలో 4.0, ఉల్లి సంచిలో 3.9. గ్రాములో పదో వంతు, మహా అయితే రెండు పదో వంతుల తేడా. మట్టి సరిగ్గా కడక్కపోయినా అంత తేడా వస్తుంది.

అంటే మా గెడ్డలో ఆకుల పని చాలావరకు బూజు, బాక్టీరియాలదేనా? వేడి నీళ్ళలో వాటి పని చురుకు. పైగా తోలు లాంటి మన ఆకుల్లో టానిన్ అనే వగరు ఎక్కువ, పురుగులకి గొంతు దిగదు. "ఉష్ణమండల వాగుల్లో ఆకులు చించే పురుగులు తక్కువ" అన్న మాట నేను చదివిందే. అలాగే రాసి ముగించేద్దామనుకున్నాను.

సాయంత్రం సంచులు దులుపుతుంటే తాత వచ్చాడు. నా లెక్క చెప్పాను. ఆయన ఉల్లి సంచి కన్నంలో వేలు పెట్టి చూసి, "ఈ కన్నంలో పీత ఎలా దూరతాది మేష్టారూ?" అన్నాడు.

అంతే. అయిదు నిమిషాలు నోట మాట రాలేదు. పురుగుల ప్రాజెక్టు కదా అని పురుగులకి సరిపడే గుమ్మమే పెట్టాను. గెడ్డలో రాయి ఎత్తితే పీత. పొలం గట్లకి కన్నాలు పెట్టి నీళ్ళు పోగొడుతున్నాయని రైతులు తిట్టుకునేదీ ఆ పీతల్నే. నా లెక్కలో అవి లేనే లేవు. ఇంటికొచ్చి వెతికితే, కెన్యా కొండవాగుల మీద 2002లో వచ్చిన పరిశోధనలోనూ ఇదే గోల: చించే పురుగులు బాగా తక్కువ, పీతలు మాత్రం దండిగా ఉన్నాయి. అలాగని ఉష్ణమండలమంతా ఒకే తీరని కాదు. ఈశాన్య ఆస్ట్రేలియా వాన అడవుల వాగుల్లో ఆకులు చించే పురుగులు బాగానే ఉన్నాయి. ఎక్కడి గెడ్డ అక్కడే చూసుకోవాలి.

డిసెంబరు 14, ఆదివారం

కొత్త పరీక్ష. సంచులు లేవు. కానుగ ఆకులు అయిదేసి కాడల దగ్గర దారంతో కట్టాను, మొత్తం పన్నెండు కట్టలు. ఆరు ఊరికే వదిలాను. ఆరింటిని కోళ్ళగూడుకి వేసే జాలీతో చేసిన పెట్టెల్లో పెట్టాను. పురుగులకి దారి ఉంది, బొటనవేలి కంటే పెద్ద పీతకి లేదు. ప్రవాహం ఉన్న చోట పెడితే నీటి తాకిడికి చిరిగాయా, ఎవరైనా చించారా తెలీదు. అందుకని అన్నీ నిలవ మడుగులోనే.

జాలీ కత్తిరిస్తూ చెయ్యి కోసుకున్నాను. టీటీ సూది.

డిసెంబరు 20, శనివారం, రాత్రి

పిల్లలు వస్తామన్నారు, వద్దన్నాను, పాములుంటాయి. తాతా నేనూ వెళ్ళాం. టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, థర్మామీటరు 20 డిగ్రీలు చూపించింది.

ఎనిమిదిన్నరకి మొదటి పీత రాతి కింద నుంచి వచ్చింది. మూడో కట్ట దగ్గరికి పక్కకి పక్కకి నడిచి, ఒక డెక్కతో ఆకు పట్టుకుని, రెండో దానితో గిల్లి గిల్లి నోట్లో పెట్టుకుంటోంది. తీరిగ్గా, తాంబూలం వేసుకునే ముసలమ్మలా. గిల్లినదంతా నోట్లోకి పోవడం లేదు. సగం ముక్కలు నీళ్ళలోకి. ఒక రొయ్య వాటి వెంట పడింది. ఇరవై నిమిషాల్లో ఆకులో అరచేతి సగమంత పోయింది.

"పట్టీనా?" అన్నాడు తాత. వద్దు తాతా, దీన్ని తిననియ్ అన్నాను. "మీరు పీతల్ని మేపుతన్నారు, నాను మేకల్ని" అని గొణుక్కున్నాడు.

జనవరి 4, ఆదివారం

మూడు వారాలు. ఊరికే వదిలిన ఆరు కట్టల్లో నాలుగింటికి ఈనెలూ కాడలే మిగిలాయి, చేపముళ్ళలా. ఒకటి మొత్తానికి లేదు, దారం మాత్రం ఉంది. ఒకటి దాదాపు అలాగే ఉంది, అది మడుగు చివర లోతు తక్కువ చోటుది. జాలీ పెట్టెల్లోని ఆరూ మెత్తబడి, నల్లబడి, పట్టుకుంటే జారిపోతున్నాయి గానీ ఆకు ఆకారం చెడలేదు.

తూచాల్సిన పని లేకపోయినా ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనే ఫోను చేసి అడిగారు మరి.

జనవరి 11, ఆదివారం

రేపటి నుంచి ఇంట్లో అరిసెల పని, ఆ తరవాత భోగి. ఈలోగా చిన్న పరీక్ష ఒకటి. చేపలు కూడా తిని ఉండొచ్చు కదా అన్న అనుమానం ఇంకా ఉంది. ఒక పీతని తెచ్చి ప్లాస్టిక్ టబ్బులో గెడ్డ నీళ్ళు పోసి ఉంచాను. ఒక పక్క నాలుగు ఎండు కానుగాకులు, ఇంకో పక్క జాలీ పెట్టెలోంచి తీసిన, మూడు వారాలు నానినవి నాలుగు. తెల్లారేసరికి నానినవాటిలో మూడు తినేసింది. ఎండువాటి మీద ఒక్క గిల్లు లేదు. చద్దన్నమే ముందు.

రెండో రాత్రి టబ్బులో పీత లేదు. స్నానాలగదిలో మా ఆవిడకి కనిపించింది. ఆ తరవాతి సంభాషణ ఈ డైరీకి అక్కర్లేదు.

జనవరి 18, ఆదివారం

టబ్బు అడుగున మిగిలిన చెత్త మైక్రోస్కోపులో చూశాను. పీత వదిలిన ఆకు తునకలు, రెట్ట. ఇటుకల వరస కణాల గోడలు చిన్నవీ పెద్దవీ, అంచులు చిరిగి. వాటిలో సన్నవి అచ్చం పై చోటు మేఫ్లై కడుపులో నేను "మడ్డి" అని రాసుకున్నదానిలాగే ఉన్నాయి. పాత స్లయిడ్లు తీసి మళ్ళీ చూశాను. నాలుగింటిలో, మడ్డి అంచున, ఇటుకల గోడ ముక్కలు చాలా చిన్నవి ఉన్నాయి. అక్టోబరులో "ఎక్కడా లేవు" అని రాసింది వెతకడం చేతకాక. ఇదే రుజువని అనను, ఆకు దానంతటది కుళ్ళినా అలాంటి ముక్కలే వస్తాయి.

పిల్లల కోసం బొమ్మ మార్చాను. ఆకు, దాని మీద బూజు, దాన్ని గిల్లే పీత, రాలిన తునకలు ఏరుకునే మేఫ్లై, కొట్టుకుపోయే తునకల్ని దిగువన వలలో పట్టే కాడిస్, అదే వలలో చిక్కిన మేఫ్లై, వీటన్నిటి మీదా తూనీగ పిల్ల. బోర్డు మీద గొలుసులా రాలేదు, సాలెగూడులా వచ్చింది. ఆ వెనక బెంచీ అమ్మాయి, "మరి పీతని తినేదెవరండీ?" అంది. "మేమే!" అని క్లాసంతా అరిచింది.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఈ నెల 15న శివరాత్రి. జాతరకి జనం వస్తారు, ఈలోపే జాలీ పెట్టెలు తీసెయ్యాలి, ఎవరి కాలికైనా గుచ్చుకుంటే అదో గొడవ. రెండు తీశాను. మిగతావి వచ్చే ఆదివారం.

ఇక మిగిలిన పని పీతల లెక్క. మడుగులో ఎన్నున్నాయో తెలీకుండా అవి ఎంత ఆకు తింటాయో చెప్పలేను. తాతేమో వారానికి రెండు సార్లు పులుసుకి పడుతున్నాడు. మానెయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన అడక్కపోతే నేను పీతల్ని చూసేవాణ్ణే కాదు. అందుకని, "పట్టినప్పుడల్లా ఎన్ని పట్టావో, ఎంత పెద్దవో చెబుతావా తాతా?" అన్నాను. ఒక నోటు పుస్తకం, పెన్సిలు ఆయన మనవడికిచ్చాను.

"లెక్కెట్టి తినాలేటి?" అన్నాడు గానీ, వెళ్తూ వెళ్తూ బుట్ట వంచి చూపించాడు. ఆరు. పెద్దది నా అరచెయ్యంత ఉంది. రాసుకున్నాను.